తంగేడు పూలకు చోటు

పెరుగు గిన్నెలో ఒక తంగేడు రేకు తేలింది. గొడవ దానితో మొదలైంది.

“పూలను ఫ్రిజ్ల వెట్టుడు ఏడ నేర్సినవే? మీ సిరిసిల్లల గిట్లనే వెడ్తరా?” అంటూ సత్యవ్వ గిన్నె తెచ్చి వంటగట్టు మీద ఠంగుమనిపించింది.

“మా అమ్మోళ్ళింట్ల ఫ్రిజ్ లేదు అత్తమ్మా. ఉంటే వెడ్తుంటిమి,” అన్నది చిన్నకోడలు రజిత, చేతిలోని గునుగు కట్టకు రంగు అద్దుతూనే.

“తడిబట్ట కప్పి చాటల వెట్టుకుంటరు ఎవరన్న. నా పెరుగంత చెట్టువాసన.”

“చాటల వెట్టినయి పొద్దటికల్ల తల్కాయలు వంచినయి. ఫ్రిజ్ల వెట్టినయి జూడు, ఇప్పుడే కోసినట్టున్నయి.”

“పెరుగు గూడ ఇప్పుడే కోసినట్టున్నది,” అన్నది సత్యవ్వ.

పులిహోరకు చింతపండు పిసుకుతున్న పెద్దకోడలు లతకు నవ్వొచ్చింది. సద్దుల బతుకమ్మ నాడు రజిత సిరిసిల్లలో తల్లిగారింట్లో ఉండాల్సింది. పెళ్లయ్యాక వచ్చిన మొదటి బతుకమ్మ. కానీ సకల జనుల సమ్మెలో బస్సులన్నీ డిపోల్లో పడుకున్నాయి, ఆ బస్సుల్లో కండక్టరుగా పనిచేసే ఆమె మొగుడు రమేశ్ కూడా జీతం లేక ఇంట్లోనే పడుకున్నాడు. పోలేకపోయిన కోపమంతా రజిత పూల మీద చూపిస్తోంది. కోరుట్ల చుట్టుపక్కల చెలకల్లో ఉన్న తంగేడంతా తనే కోసుకొచ్చినట్టుంది. పోనీలే, పెరుగు వేరే అరలో పెడితే సరిపోతుందని లత చెయ్యి కడుక్కుని ఫ్రిజ్ తలుపు తీసింది. నడిమి అర నిండా పేపర్లో చుట్టిన పూలకట్టలు. వాటి వెనకకు చెయ్యి పోనిచ్చింది. గోడ తగిలింది. ఇంకోవైపు పోనిచ్చింది. అక్కడా గోడే.

“రజితా, ఈడ మిఠాయి డబ్బ ఉండె గదా.”

“పైన వెట్టిన అక్కా, మంచు అరల. పూలకు చోటు సాలలే. కరెంటు గూడ పోవుడు రావుడు, మిఠాయి ఖరాబైతదని నిన్న పొద్దుగూకంగ పైకి జరిపిన.” రజిత తలెత్తి నవ్వింది. “అయినా ఎవ్వలు తినంగ జూడలే. పండుగ పూట తలా ఇంత వెట్టరాదు?”

సత్యవ్వ పెరుగులోంచి రేకును వేలితో తీస్తున్నది అట్లాగే ఆగిపోయింది. రేకు వేలికి అంటుకుని ఉంది. ఆమె లత ముఖం చూసింది, లత ఆమె ముఖం చూసింది. ఇద్దరి మధ్య పదిహేనేళ్లుగా నడుస్తున్న మాట ఒకటే, దానికి నోరు అక్కర్లేదు. చెప్పకు.

లత పై అర తెరిచి మంచుకు అతుక్కుపోయిన గులాబీరంగు డబ్బాను రెండు చేతులతో ఊడబీకి, కొంగు కింద పెట్టుకుని లోపలి గదిలోకి పోయింది. తలుపు దగ్గరగా వేసి గడియ పెట్టింది. ఆ గడియ పెట్టేటప్పుడు చప్పుడు కాకుండా కొంచెం పైకెత్తి జరపాలి. అది కూడా ఆమె చేతికి అలవాటే.

మంచం మీద వెంకటేశం కుడికాలు రెండు దిండ్ల మీద పెట్టుకుని పడుకున్నాడు. మోకాలు చిన్న గుమ్మడికాయంత ఉంది, చర్మం నునుపుగా మెరుస్తోంది. చుట్టూ చన్నీళ్లలో ముంచి పిండిన తువ్వాల. “తెచ్చినవా,” అన్నాడు కళ్లు మూసుకునే. తెచ్చాను, కానీ ఏం తెచ్చానో చూడాలి, అని ఆమె మనసులో అనుకుంది తప్ప పైకి అనలేదు. స్టూలు మీద స్టీలు పళ్లెం పెట్టి డబ్బా మూత తీసింది. లోపల రెండు అట్టపెట్టెలు. ఒక్కోదాంట్లో రెండు బుల్లి సీసాలు. ఒక దాంట్లో తెల్లటి పొడి, ఒక దాంట్లో ఆ పొడిని కరిగించే శుద్ధమైన నీళ్లు. మొదటి పెట్టెలో నీళ్ల సీసా నిలువునా చీలి, లోపలి మంచుగడ్డ సీసా ఆకారంలోనే బయటికి పొంగి నిలబడింది. రెండో పెట్టెలోని సీసా చీలలేదు. నీళ్లు మాత్రం గడ్డకట్టి గాజు కన్నా గట్టిగా కనబడుతున్నాయి. సంవత్సరం పొడుగునా రోజూ గంటలకు గంటలు పోయే కరెంటు, సింగరేణిలో బొగ్గు ఆగిందని ఈ నెలంతా పూటపూటా పోయిన కరెంటు, పండుగని ఎవరు కనికరించారో, నిన్న రాత్రి ఒక్క నిమిషం పోలేదు.

వేడినీళ్లలో పెట్టొద్దు, పొయ్యి దగ్గర పెట్టొద్దు, తనంతట తాను మామూలు వేడికి రావాలి. హైదరాబాదులో నేర్పిన సిస్టరమ్మ గొంతు అదే వరుసలో చెవిలో తిరుగుతోంది. మంచు కరగాలి. కరిగితే గాని ఆ సీసా మంచిదో కాదో తెలియదు. లత నేల మీద గోడకానుకుని కూర్చుంది. పళ్లెం మీద చీలిన సీసా నుంచి మొదటి చుక్క జారింది. బయట వాకిట్లో రజిత తాంబాళం కడుగుతున్న చప్పుడు, కూతురు అఖిల ఏదో అడుగుతోంది, గుమ్మడాకు కింద వేయాలా పైన వేయాలా అని. అఖిలకు పదమూడు. తండ్రి కళ్లు, తండ్రి ముక్కు, ఇంకా తండ్రిది ఏమేమి వచ్చిందో ఆ పిల్లకు తెలియదు, లతకు తెలుసు. జగిత్యాల కాలేజీలో డిగ్రీ రెండో ఏడు జువాలజీలో పది మార్కుల ప్రశ్న అది, వంశవృక్షం గీయడం. చతురస్రాలు మగవాళ్లు, వృత్తాలు ఆడవాళ్లు. రోగం ఉన్న చతురస్రానికి నలుపు పూయాలి. రోగం కనబడకుండా మోసే వృత్తానికి సగం నలుపు. స్కేలు పెట్టి గీతలు గీసి, సగం నలుపును పెన్సిలుతో బయటికి పోకుండా జాగ్రత్తగా పూసినందుకు మేడమ్ వెనక బెంచీలదాకా తన కాగితం చూపించింది. రోగమున్న తండ్రి కొడుకులకు ఇవ్వడు, కూతుళ్లకు మాత్రం తప్పకుండా ఇస్తాడు అని ఎర్ర సిరాతో గీత కూడా కొట్టుకుంది. పది మార్కులు వచ్చాయి. మూడేళ్లు తిరగకుండా ఆ నల్ల చతురస్రానికే ఇచ్చి పెళ్లి చేశారు, ఎవరూ చెప్పలేదు. చెప్పకపోవడంలో ఆ ఇంటిది చేయి తిరిగిన పని.

అప్పట్లో ఏమన్నారు? పిల్లగాడు నెమ్మదస్తుడు, ఆటలకు పాటలకు పోడు, గొడవలకు దూరం అన్నారు. నిజమే, దూరమే. ఏ ఆట ఆడినా కీలు ఉబ్బి వారం మంచాన పడేవాడు ఆటలకు ఎట్లా పోతాడు. కొత్తగా కాపురానికొచ్చినప్పుడు ఒక పొద్దున చీలమండ వాచి నేల మీద అడుగు పెట్టలేకపోయాడు. ఎక్కడా తగల్లేదే అని లత అడిగితే, “మేన వేడి బిడ్డా, వానికి చిన్నప్పటి సంది గంతే” అని సత్యవ్వ సున్నం పసుపు పట్టు వేసింది. ఆ పట్టు వేసే వేళ్లు బీడీలాకు కత్తిరించి కత్తిరించి కాయలు కాసిన వేళ్లు, ఎంత మెత్తగా వేశాయో. అంత మెత్తగా వేయడం ఒక్కరోజులో వచ్చేది కాదని అప్పుడే అనుకోవాల్సింది. తర్వాత పన్ను పీకించుకుని వచ్చిన రాత్రి దిండు తడిసింది, మర్నాడూ తడిసింది, కరీంనగర్ తీసుకుపోతే అక్కడి నుంచి హైదరాబాదు పొమ్మన్నారు. అక్కడ డాక్టరు, మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇట్లా నెత్తురు ఆగకపోవడం ఉందా అంటే సత్యవ్వ ప్రశ్న పూర్తికాకముందే లేదు అన్నది. హీమోఫీలియా అని డాక్టరు చెప్పినప్పుడు లత ఒక్కతే ఉలిక్కిపడింది. వెంకటేశం ఉలిక్కిపడలేదు. ఆ పేరు ఆయనకు చిన్నప్పటి నుంచీ తెలుసు. మంచం మీద తెల్లగా పాలిపోయి పడుకుని ఆయన గోడవైపు తిరిగాడు, ఆ తిరగడం ఇప్పటిదాకా తిరగలేదు.

రెండో చుక్క, మూడో చుక్క. ఈ ఉక్కలో ఇంత మెల్లగా కరుగుతుందేమిటి.

గోడవైపు తిరగడమంటే మాటవరసకు కాదు, నిజంగానే. ఆమె సూది వేసిన ప్రతిసారీ ఆయన గోడవైపు తిరుగుతాడు. చెయ్యి మాత్రం ఇటు చాపుతాడు, అద్దెకిచ్చినట్టు. ఆమె సబ్బుతో చేతులు కడుక్కుని, సీసాల రబ్బరు మూతలను స్పిరిట్ దూదితో తుడిచి, ఆరనిచ్చి, రెండు మొనల సూదితో నీళ్లను పొడి సీసాలోకి గాజు అంచు మీదుగా జారవిడిచి, నురుగు రాకుండా రెండు చేతుల మధ్య నెమ్మదిగా తిప్పుతుంది. ఊపకూడదు, ఊపితే మందు చచ్చిపోతుంది అని సిస్టరమ్మ చెప్పింది. నీళ్లలా తేటగా ఉంటేనే మందు. మబ్బు పట్టినా, నలుసు కనబడినా, అనుమానం వచ్చినా పారెయ్యి. అప్పుడు నరం చూసుకుని, సీతాకోకచిలుక రెక్కల్లాంటి సన్నసూది గుచ్చి, గొట్టంలోకి ఎర్రగా వెనక్కి వచ్చాక మాత్రమే మెల్లగా ఎక్కించాలి. ఎక్కించినంతసేపు ఆయన రేడియో వింటాడు. రేడియో సత్యవ్వ పెట్టిస్తుంది, లోపల ఏం చప్పుడైనా వినపడకుండా. వాడిన సూదులను మూత పెట్టకుండా అట్లాగే గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి, ఆ డబ్బాను చీరల పెట్టె వెనక పెడుతుంది. మందును మిఠాయి డబ్బాలో పెడుతుంది. ఈ ఇంట్లో ఏ వస్తువు పేరు ఆ వస్తువుకు లేదు.

హైదరాబాదులో సిస్టరమ్మ సూది నేర్పిన హాల్లో ఆయన కూడా నేర్చుకున్నాడు మరి. ముందు నారింజపండుకు గుచ్చడం, తర్వాత తన చేతికే గుచ్చుకోవడం. సిస్టరమ్మ చప్పట్లు కొట్టి, చూడండి, ఎంత శుభ్రంగా చేశారో అన్నది. ఆ ఒక్కసారే. ఇంటికి వచ్చాక నా చెయ్యి వణుకుతది, నువ్వే వెయ్యి అన్నాడు. ఆ వేయడంలో ఏదో ప్రేమ ఉందని లత కొన్నేళ్లు అనుకుంది. తనకు టైఫాయిడ్ వచ్చి లేవలేకపోయిన వారంలో ఆయన మోచెయ్యి ఉబ్బింది. దిండుకు ఆనుకుని, జ్వరంతో అక్షరాలు అలుక్కుపోతుంటే తారీకు చదువుకుని, ఆయన చెయ్యి పట్టుకుని వేసింది. అప్పుడు కూడా గోడవైపే చూశాడు. ఆ రోజు నుంచి ప్రేమ అనే మాట ఆ పనిలోంచి తీసేసింది. మిగిలింది పని.

ఆ హాల్లోనే మెహజబీన్ దొరికింది. జగిత్యాల. ఒకే తొవ్వ వాళ్లం, ఇంతదూరం వచ్చి కలుసుకున్నాం అని నవ్వింది. ఆమె కొడుకు మొహసిన్‌కు సున్తీ చేసిన రోజున నెత్తురు ఆగలేదు. బిర్యానీ డేగ్ పొయ్యి మీద ఉంది, చుట్టాలంతా ఇంట్లోనే ఉన్నారు, పొద్దు మునిగేసరికి గల్లీ మొత్తానికి తెలిసిపోయింది. “దాసుడుకు మాకు టైమే దొరకలే లతా, మీకు దొరికింది,” అంటుంది. వాళ్ల గల్లీలో పాలవాడికి కూడా ఏ పెట్టె ఫ్రిజ్‌లో ఏ అరలో ఉండాలో తెలుసు. కరెంటు పోతే సీసాలను మూత గట్టి డబ్బాలో పెట్టి, డబ్బాకు గుడ్డ చుట్టి, నీళ్లకుండ పక్కన తడి ఇసుకలో దించాలని లతకు నేర్పింది ఆమే. ఒకసారి కోరుట్లకు మందు తెచ్చి ఇవ్వడానికి ఇంటికే వచ్చింది. పక్కింటి అంజవ్వ ఎవరని అడిగితే సత్యవ్వ తడుముకోకుండా గాజులామె అన్నది. మెహజబీన్ కనురెప్ప కొట్టలేదు. “ఆ, గాజులే. ఈసారి అన్నీ పగిలినయి,” అన్నది. మళ్లీ వచ్చినప్పుడు మందుతోపాటు రెండు డజన్ల ఆకుపచ్చ గాజులు తెచ్చి సత్యవ్వ చేతికే తొడిగి, పైసలు ఇచ్చేదాకా కదల్లేదు. ఆ గాజులు సత్యవ్వ ఇంకా వేసుకుంటుంది. ఇప్పుడు తలుపు అవతల అవే గలగలమంటున్నాయి.

“లతా, ఏమాయె?” గుసగుసగా సత్యవ్వ.

“కరుగుతున్నది.”

“జల్ది గానియ్యి. రజిత అడుగుతాంది, మిఠాయి డబ్బ లోపలికెందుకు వోయిందని.”

వెంకటేశం మూలిగాడు. మొన్న బస్టాండు ముందు రిలే దీక్షలో పొద్దంతా నేల మీద కుడికాలు మడిచి కూర్చున్నాడు. ఆయనకు ఫ్లెక్సీల దుకాణం. ఈ నెలంతా కోరుట్లలో కట్టిన ప్రతి బ్యానరూ ఆయన కొట్టిందే, దీక్ష ఫ్లెక్సీ మీద తన ఫొటో కూడా తనే వేసుకున్నాడు. కుర్చీ వేసుకుని కూర్చోండి అని లత చెప్పింది. “కుర్చీల కూసుంటే దాన్ని దీక్ష అంటరా? అందరు అడుగుతరు, నీకేమైందని.” అడిగితే చెప్పాల్సి వస్తుంది. చెప్పడం కన్నా మోకాలు పోవడం నయం. సాయంత్రానికి నొప్పి పుడితే అక్కడ ఎవరో మందుల దుకాణం పిల్లవాడు నొప్పిగోళీ ఇచ్చాడట, అదీ మింగాడు. మామూలు నొప్పిగోళీ తనకు విషమని, నెత్తురు ఇంకా పలచన చేస్తుందని తెలిసి మింగాడు. అందరి ముందు వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి. దీక్ష శిబిరంలో మైకు పట్టుకుని ప్రతివాడూ ఇన్నేళ్లు దాచింది బయటపెడతాం, మా నీళ్లు ఎటు పోయాయో మా కొలువులు ఎవరు తిన్నారో లెక్క అడుగుతాం అంటున్నాడు. లతకు ఆ మాటలంటే ప్రాణం. తనూ కూతురిని తీసుకుని చౌరస్తాలో బతుకమ్మ ఆడింది, గొంతు పోయేదాకా పాడింది. ఇంటికి వచ్చి గడియ చప్పుడు కాకుండా పైకెత్తి జరిపింది.

నిన్న ఒక సూది పడాల్సింది. మొన్న రాత్రి ఇంట్లో ఉన్న మూడింట్లో ఒకటి వేసింది, వాపు ఆగినట్టే ఆగి నిన్న మళ్లీ మొదలైంది. ఇంకోటి వేస్తానంటే, రజిత ఇల్లంతా తిరుగుతాంది, పూలు పరుచుకున్నది, తలుపు వేస్తే అడుగుతది, పొద్దుగాల చూద్దాం అన్నది సత్యవ్వ. ఆయనా సరే అన్నాడు. తనూ సరే అన్నది. ఆ పొద్దుగాలే ఇది. మోకాలి లోపల నెత్తురు నిండుతోంది, నిండినకొద్దీ కీలును తింటుంది. ఎడమ మోకాలు అట్లాగే వంగకుండా పోయింది. కుడిది కూడా పోతే ఆయన నిచ్చెన ఎక్కడు, దుకాణం మెట్లు ఎక్కడు. జగిత్యాలలో గాని కోరుట్లలో గాని ఏ దుకాణంలోనూ ఈ మందు దొరకదు. హైదరాబాదు నుంచి రావాల్సినవి బస్సులు లేక రాలేదు.

కరిగింది. ఎప్పుడు కరిగిందో చూడనే లేదు. లత చేతులు కడుక్కుని వచ్చి రెండో సీసాను వెలుతురుకు ఎత్తింది. తేటగా ఉంది, నలుసు లేదు. పొడి తెల్లగా, ఎప్పటిలాగే అడుగున బిళ్లలా ఉంది. తారీకు ఇంకా ఏడాది ఉంది. తలుపు సన్నగా తీసుకుని సత్యవ్వ లోపలికి వచ్చి, మళ్లీ మూసి, వంగి చూసింది.

“మంచిగనే ఉన్నది గదా. ఆ పలిగింది వారేసి దీన్ని వెయ్యి.”

“గడ్డకట్టింది అత్తమ్మా. గడ్డకట్టిన మందు వెయ్యొద్దు.”

“కరిగింది గదా మల్ల.”

“వెయ్యి లతా,” అన్నాడు వెంకటేశం గోడతో. “ఏం గాదు. తట్టుకోలేకపోతున్న.”

ఏం గాదేమో. నిజంగానే ఏమీ కాదేమో. ఒక సీసా చీలింది గాని ఇది చీలలేదు, చూడడానికి నిక్షేపంలా ఉంది. చూడడానికి నిక్షేపంలా ఉన్నవాటిని నమ్మి ఒకసారి ఈ ఇంటికి వచ్చింది. స్పిరిట్ దూది తీసింది. మూత మీద తుడిచింది. తుడుస్తుంటే వేలికి చల్లగా ఏదో తగిలింది. సీసాను పళ్లెం నుంచి ఎత్తి, కొంగుతో పొడిగా ఒత్తి, పొడిబట్ట మీద తలకిందులుగా నిలబెట్టింది. చుట్టూ ఉన్నది గాలి చెమ్మ అయితే ఇప్పుడు రాకూడదు. వంగి చూసింది. సీసా మెడ దగ్గర, అల్యూమినియం పట్టీ కింద, ఆవగింజంత నీటిబొట్టు పుట్టింది. తుడిచింది. మళ్లీ పుట్టింది. వెంట్రుకంత చీలిక, కంటికి కనబడదు. నీళ్లు బయటికి వచ్చే దారిలో లోపలికి ఏమేమి పోయిందో ఎవరికి తెలుసు, అది నేరుగా ఆయన నరంలోకి పోతుంది. ఇంకో పద్ధతిగా మూత తుడిచి ఉంటే, ఇంకొంచెం కంగారులో ఉండి ఉంటే, రేడియో చప్పుడులో, సత్యవ్వ గాజుల చప్పుడులో ఆ బొట్టు కనబడేది కాదు. ఈ చేత్తోనే వేసేది. ఏమైనా అయితే రజిత చేసిందనేవాళ్లు. లేకపోతే లత చేసిందనేవాళ్లు. దాచినవాళ్లు చేశారని ఎవరూ అనరు.

“ఇది మందు గాదు ఇప్పుడు,” అని రెండు సీసాలను, పొడివి కూడా కలిపి, పారేసే డబ్బాలో వేసింది.

సత్యవ్వ “అయ్యో” అన్నది గాని ఆ అయ్యో ఎవరి కోసమో తెలియలేదు. గోడకు ఆనుకుని మెల్లగా కూలబడింది. ఒక వానాకాలం బీడీలాకు తడుపుతూ ఆమె తనంతట తానే లతకు చెప్పింది, డాక్టరుకు చెప్పనిది. ఇద్దరు తమ్ముళ్లు ఉండేవారట. ఒకడు ముక్కుల నుంచి కారి కారి పోయాడు, ఒకడు చింతచెట్టు మీద నుంచి పడి పోయాడు. ఇంటి మీద ఏదో ఉందని ఆమె పెళ్లికి ఎవరూ ముందుకు రాకపోతే, ఆ ఇద్దరూ పుట్టనేలేదని చెప్పి చేశారట. పుట్టనేలేదని చెప్పుకుంటూ వచ్చిన మనిషికి కొడుకు మోకాలి మీద సున్నం పట్టు వేయడం తప్ప వేరే దారి ఎట్లా కనబడుతుంది. సగం నలుపు పూసిన వృత్తం. లతకు ఆమె మీద జాలి కలిగింది. జాలి కలిగినంత మాత్రాన కోపం తగ్గలేదు. బయట ఇంకో సగం నలుపు వృత్తం, గుమ్మడాకు మీద తంగేడు వరస పేరుస్తూ, పిన్నీ ఈ రంగు బాగుందా అంటోంది. ఆ పిల్లకు కూడా ఒకరోజు సంబంధం వస్తుంది. ఆ రోజున ఈ గదిలో కూర్చుని ఇదే గుసగుసతో, చెప్పకు, అంటారు. అప్పుడు చెప్పొద్దని తల ఊపేది ఎవరు? తనే. చేయి తిరిగిన పని కదా.

ఫోను తీసి మెహజబీన్‌కు చేసింది. గొంతు తగ్గించలేదు.

“ఉన్నయి లతా, రెండున్నయి. మొహసిన్ కోసం పెట్టినయి,” అన్నది మెహజబీన్, ఒక్క క్షణం ఆగి. ఆ క్షణం లతకు వినబడింది. “మొహసిన్‌ది, మీ ఆయనది ఒకటే మందు గదా, ఎనిమిదో నంబరు. మీ ఆయన పేరు మీద వచ్చినంక నాకు తిరిగియ్యి. మా ఆయన ఇప్పుడే బయలెల్లుతడు బండి మీద. మేడిపల్లి కాడ రోడ్డు బంద్ వెట్టిన్రట గాని మందు డబ్బ చూపిస్తే ఇడుస్తరు. గాజులామె మొగుడు వస్తుండని చెప్పు మీ అత్తకు.”

లత నవ్వలేకపోయింది. “లేదు మెహజబీన్. మందు తెస్తుండనే చెప్తా.”

అన్నాలకు అందరూ ముందరి గదిలో కూర్చున్నారు. వెంకటేశం మంచాన్ని రమేశ్, లత పట్టుకుని అక్కడికే జరిపారు. గదిలో పెడితే సరిపోయేది గదా అని సత్యవ్వ అన్నది, ఎవరూ ఆగలేదు. పులిహోర, నువ్వుల సద్ది, కొబ్బరి సద్ది. పెరుగు సద్దిలో వాసన రాకుండా లత అల్లం దంచి వేసింది. మూలన బతుకమ్మ సగం దాకా పేర్చి ఉంది, పసుపుగా, నిగనిగలాడుతూ. రజిత వడ్డిస్తోంది.

“నడిమి వరసకు ఇంకింత తంగేడు కావాలె. ఫ్రిజ్ల ఉన్నది. గిప్పుడన్న ఎవ్వలు తిట్టరు గదా,” అన్నది.

“మెహజబీన్ వాళ్లాయన ఎహసాన్ భాయ్ జగిత్యాల నుంచి బయలెల్లిండు,” అన్నది లత. “మందు తెస్తుండు.”

“మెల్లగ,” అన్నది సత్యవ్వ విస్తరిలోకి చూస్తూ.

“మెల్లగ చెప్పి చెప్పి గొంతు పోయింది అత్తమ్మా. రజితా, నువ్వు పైన వెట్టింది మిఠాయి గాదు, మీ బావ మందు. ఆయనకు నెత్తురు గడ్డకట్టది. పుట్టుక నుంచే. ఆ సూది వేస్తేనే ఆగుతది. నీ తప్పేం లేదు. మందును మిఠాయి డబ్బల దాసినోళ్లది తప్పు. అండ్ల నేను గూడ ఉన్న.”

రజిత చేతిలోని గరిటె నుంచి నువ్వుల సద్ది కింద పడింది. ఆమె బావను చూడలేదు, మొగుణ్ణి చూసింది.

“నీకు ఎర్కనా?”

రమేశ్ పులిహోరలో పల్లీలు ఏరుతున్నాడు.

“ఆ డబ్బ మీద ఒక చీటి అతికిస్తే అయిపోవు గదా,” అన్నది రజిత. “ఆరునెలల సంది ఆ డబ్బ ముందటనే నిలబడి నీళ్లు తాగుతున్న. మా అవ్వకు చెప్తనని భయమా? ఇంట్ల మనిషి లెక్క అనుకోలేదా నన్ను?”

“పండుగ పూట గీ ముచ్చట్లేంది,” అన్నది సత్యవ్వ. ఆమె ఆకుపచ్చ గాజులను మణికట్టు మీదికి, కిందికి జరిపింది. “మందు వచ్చినంక లోపలికి తీస్కపోయి వెయ్యి. అంజవ్వ వాళ్లు బతుకమ్మలు పట్టుకొని వచ్చే యాళ్లయితాంది.”

“లోపల వెయ్య,” అన్నది లత. “అసలు నేను వెయ్యనే వెయ్య.”

వెంకటేశం తల తిప్పాడు. గోడవైపు కాదు, ఇటు.

“మీరే వేసుకోవాలె. ఈ గదిలనే, తలుపు తీసే. నేను పక్కకు కూసొని ఒక్కొక్కటి చెప్త. తప్పు వోతే ఆపుత. చెయ్యి మాత్రం పట్టుకోను. నేను లేనినాడు గోడ వెయ్యది మీకు సూది.”

“నా చెయ్యి వణుకుతది లతా.”

“నాది గూడ వణికింది.”

అఖిల ముద్ద చేతిలో పట్టుకుని తండ్రిని చూస్తోంది, తల్లిని చూస్తోంది. బయట వీధి చివర మోటారుసైకిలు ఏదో మలుపు తిరిగింది, ఎవరిదో తెలియదు. లత విస్తరి ముందు నుంచి లేచింది.

“తిన్నవా బిడ్డా? చెయ్యి కడుక్కొని వచ్చి మీ నాన్న పక్కన కూసో. సబ్బు వెట్టి కడుగు, మోచేతుల దాకా. నువ్వు గూడ నేర్వాలె. నీకు ఎందుకు నేర్పుతున్ననో గది గూడ ఈడనే, అందరి ముందట్నే చెప్త.”